తిరగేసి చూసే మనిషి

ఆవిడ చేతికి ఏ వస్తువు ఇచ్చినా ముందు తిరగేసేది. కంచం ఇస్తే కంచం కింద చూసేది. చీర చూపిస్తే కొంగు మడిచి వెనకవైపు చూసేది. మా ఇంటికి మొదటిసారి వచ్చినప్పుడు కాఫీ ఇస్తే, మొత్తం తాగేదాకా ఆగి, ఖాళీ కప్పును తలకిందులు చేసి, కళ్లజోడు ముక్కు మీదికి లాక్కుని కింద ఉన్న అక్షరాలు చదివింది. చదివి "ఊఁ" అంది. ఆ ఊఁకి అర్థం తెలియడానికి నాకు మూడేళ్లు పట్టింది. నచ్చలేదని అర్థం.

పోయిన శనివారం పొద్దున కూరగాయలకి వెళ్తుంటే, ఆవిడ ఉండే వీధి మలుపులో గడ్డిలో బోర్డు గుచ్చి ఉంది. ఎస్టేట్ సేల్ అని రాసి, పక్కన బాణం గుర్తు. అమెరికాలో మనిషి పోయాక ఇంట్లో సామాను మొత్తం, గరిటెలతో సహా, ఎవరు పడితే వాళ్లు లోపలికొచ్చి చూసి కొనుక్కుపోయే పద్ధతి అది. ఆష్‌బర్న్‌లో అలాంటి బోర్డులు తరచూ కనిపిస్తూనే ఉంటాయి కానీ, మనవాళ్ల ఇంటి వైపు చూపించే బాణం నేను ఎప్పుడూ చూడలేదు. ఆవిడ పోయి అప్పటికి ఐదు వారాలు. కారు పక్కకి తీసి ఆపాను.

లోపలికి వెళ్లే ముందు ఆవిడ ఎలాంటిదో చెప్పాలి. చెప్పకపోతే ఫ్యూనరల్ హోమ్‌లో మైకు పట్టుకున్నవాళ్లు చెప్పిందే మిగిలిపోతుంది. "చాలా సౌమ్యురాలు, అందరితో ఇట్టే కలిసిపోయేవారు" అన్నారు ఒకాయన. నా పక్కన కూర్చున్న నా స్నేహితురాలు రజిత నా మోకాలి మీద చిన్నగా తట్టింది. ఆవిడ సౌమ్యురాలు కాదు. ఎవరితోనూ కలిసిపోలేదు. ఆవిడతో ఒక్కసారైనా మాటపట్టింపు రాని తెలుగు ఇల్లు మా చుట్టుపక్కల లేదు. బతికున్నప్పుడు భరించలేక తప్పుకు తిరిగినవాళ్లు, పోయాక ఆవిడ మూలలన్నీ అరగదీసి నున్నగా చేస్తుంటే నాకు ఒళ్లు మండింది. ఆవిడ కూడా ఆ మాటలు విని ఉంటే ఊఁ అనేది.

మనిషి పొట్టి. నూలు చీర కింద స్నీకర్లు వేసుకునేది. కళ్లజోడుకి షూ లేసు కట్టి మెడలో వేలాడదీసుకునేది. సొంతూరు చీరాల. ఆడవాళ్లు ఎవరైనా, వయసుతో పని లేకుండా, ఆవిడకి "అమ్మాయ్". మేమందరం ఆవిడని అక్కా అనేవాళ్లం.

ఇరవై ఏళ్లు డేటాబేసులు చూసుకుంది. ఒక ఏడాది లేఆఫ్స్‌లో ఉద్యోగం పోయింది. అలా పోయినవాళ్లు మాలో చాలామంది ఉన్నారు, అందరూ రెజ్యూమెలు దిద్దుకుంటూ కూర్చున్నారు. ఈవిడ తిన్నగా వెళ్లి సూపర్‌మార్కెట్‌లో చీజ్ కౌంటర్ దగ్గర చేరింది. తెల్ల టోపీ, చేతికి గ్లవ్స్, ముందు పెద్ద కత్తి. ఎంసీఏ చదివి చీజ్ కోస్తోందని మావాళ్లు గుసగుసలాడుకున్నారు. ఒకావిడ ఉండబట్టలేక అడిగేసింది కూడా. దానికి అక్క, "ఇరవై ఏళ్లు నేనేం పని చేస్తున్నానో మా అమ్మకి చెప్పలేకపోయానమ్మాయ్. ఇప్పుడు ఒక్క ముక్కలో చెప్పగలుగుతున్నా" అంది. అడిగినావిడ మళ్లీ ఆ కౌంటర్ ఛాయలకి పోలేదు.

అసలు విషయం ఏంటంటే, ఆవిడ శాకాహారి. తను కోసే చీజ్‌లో సగం తను తినదు. పాస్తా మీద తురుముకోవడానికి మనవాళ్లు ఎవరైనా వెళ్లి ఆ పేరున్న గట్టి ఇటలీ చీజ్ అడిగితే, కోసే ముందు చెప్పేది. "దూడ పొట్టలోంచి తీసినదాంతో పాలు విరగ్గొట్టి చేస్తారు ఇది. నేను తినను. మీరు తింటారో లేదో మీ ఇష్టం." గురువారాలు ఉపవాసం ఉండేవాళ్లు, కార్తీకమాసం పాటించేవాళ్లు అక్కడికక్కడ నిలబడి తమ పిల్లలు ఇన్నేళ్లుగా తిన్న పిజ్జాలన్నీ తలచుకుని నీరుకారిపోయేవాళ్లు. చెప్పకుండా ఉంటే పోయేది కదా అక్కా అంటే, "అడగని మీదే తప్పు" అనేది.

ఆ చీజ్ ముక్కలకి అంటించిన కాగితాల మీద ఊళ్ల పేర్లుండేవి. రోజూ ఆ పేర్లు చదివి చదివి, అవి ఎక్కడున్నాయో చూడాలని బయల్దేరింది. అలా మొదలయ్యాయి ఇటలీ ప్రయాణాలు.

మనవాళ్లు ఎవరు యూరప్ వెళ్లొచ్చినా పద్ధతి ఒకటే. చివరి రోజు ఎయిర్‌పోర్టులో, చివరి అరగంటలో, డజను చాక్లెట్ ప్యాకెట్లు, డజనున్నర ఫ్రిజ్ మాగ్నెట్లు. ఎవరికి ఏది ఇస్తున్నామన్న ఆలోచన ఉండదు. మనిషికొకటి చేతిలో పడితే చాలు. నేనూ అదే చేశాను, కాదనను. ఒరిగిన టవర్ బొమ్మ ఉన్న మాగ్నెట్ ఒకటి ఎవరో అక్కకి ఇచ్చారు. తిరగేసి చూసి, ఇచ్చినావిడ చేతిలోనే పెట్టేసింది. "ఇది మా ఫ్రిజ్‌కి తెచ్చావమ్మాయ్. నాకేం తెచ్చావ్?"

ఆవిడ వెళ్లొస్తే తెచ్చేవి ఆరో ఏడో వస్తువులు. ఒక్కోటి ఒక్క మనిషికి. మాంసం తినే ఇంటికి గట్టి చీజ్, అదీ చక్రమంత పెద్ద దిమ్మని తన కళ్లముందు పగలగొట్టించి, గాలి తీసి ప్యాక్ చేయించింది. శాకాహారులకి ఎండబెట్టిన అడవి పుట్టగొడుగులో, కొద్దిగా చేదుగా ఉండే చెస్ట్‌నట్ తేనెనో. ఇంట్లో వంటంతా తనే చేసే రజిత వాళ్లాయనకి ఆలివ్ చెక్కతో చెక్కిన గరిటె. ఒక ప్రయాణంలో ఒకటే ప్రాంతం చూసేది. అక్కడ దొరికేది అక్కడే కొనేది, పక్క ప్రాంతం సరుకు ఈ ఊళ్లో చవకగా అమ్మినా ముట్టుకునేది కాదు. ఎవరు చేశారో చెప్పలేని కొట్లో అసలు కొనేది కాదు. తెచ్చిన ప్రతిదాని కింద చిన్న కాగితం అంటించి, తడవకుండా పైన టేపు వేసేది. కాగితం మీద తెలుగులో మూడు వరుసలు. చేసింది ఎవరు, ఏ ఊరు, ఎవరికి.

ఒక్కసారి మాత్రం మేం ఐదుగురం ఆడవాళ్లం బతిమాలితే మాతో పది రోజుల టూర్‌కి వచ్చింది. వెనిస్ పక్కన లేసులు అల్లే దీవి ఒకటుంది. పడవ గంటసేపు ఆగుతుంది. నేను ఒక కొట్లో తెల్ల లేసు టేబుల్ క్లాత్ చూసి మురిసిపోతుంటే అక్క వచ్చి దాన్ని తిరగేసింది. వేలితో వెనకవైపు రాసి చూసి, "మెషీన్" అంది. కొట్టు ఆయన ఒప్పుకోలేదు. మా నానమ్మ అల్లింది అన్నాడు.

"పిలవండి ఆవిడని. దండం పెట్టి వెళ్తాను."

"నిద్రపోతోంది."

"లేచేదాకా కూర్చుంటాను" అని అక్కడున్న స్టూల్ మీద కూర్చుంది.

మాకు పడవ వెళ్లిపోతుందన్న భయం. బయట గైడు గడియారం చూపిస్తున్నాడు. "మీరు పోండమ్మాయ్, నేను తర్వాత పడవకి వస్తా" అంది, కదలకుండా. ఆ కొట్టు ఆయన కాసేపు అటూ ఇటూ సర్దాడు, ఫోన్ చేసుకున్నాడు, చివరికి విసుగొచ్చి ఒక సొరుగు లాగి, మడిచిన నల్లగుడ్డలోంచి అరచేతి అంత లేసు ముక్క తీశాడు. మా మేనత్త అల్లింది, అమ్మడానికి కాదు అన్నాడు. అక్క దాన్ని తిరగేసి, కిటికీ దగ్గరికి తీసుకెళ్లి, చాలాసేపు చూసింది. మేనత్త పేరేంటని అడిగింది. ఎన్నో ఏట నేర్చుకుందో అడిగింది. ఇద్దరూ వచ్చీరాని ఇంగ్లీషులో ఏం మాట్లాడుకున్నారో, చివరికి అమ్మడానికి కాదన్న లేసు అమ్మేశాడు. పడవ వెళ్లిపోయింది. ఆవిడని ఒంటరిగా వదల్లేక మేమంతా ఇంకో గంట ఎండలో కూర్చున్నాం. ఒక్కరం కూడా ఆవిడతో మాట్లాడలేదు. ఆవిడకి అది తెలిసినట్టు కూడా లేదు.

అదే టూర్‌లో నేను చేసిన ఘనకార్యం చెప్పాలి. అమాల్ఫీ దగ్గర నిమ్మకాయలు చూశాను. ఒక్కోటి చిన్న బొప్పాయంత ఉంది, తొక్క వేలెడు మందం. ఇంకెవరికైనా ఏం తోచేదో కానీ, తెలుగుదాన్ని కాబట్టి నాకు ఊరగాయ తోచింది. నాలుగు కొని, హోటల్ గదిలో అక్క ఓ కంట చూస్తుండగానే సూట్‌కేసులో బట్టల మధ్య చుట్టాను. పచ్చి పళ్లు తేకూడదని తెలుసు. మా గ్రూపులో ఒకామె విమానం దిగగానే అందరికీ మెసేజ్ పెట్టింది, ఫుడ్ ఏమీ లేదని చెప్పండి, తొందరగా బయటపడదాం అని. అది మనవాళ్లకి కొత్తేం కాదు. ఇండియా నుంచి వచ్చేటప్పుడు ఆవకాయ విషయంలో అందరం ఆరితేరినవాళ్లమే.

"ఉన్నదాన్ని లేదని ఎందుకు చెప్పాలి? దొంగతనం చేశామా?" అంది అక్క. అధికారి ముందు నిలబడి చీజ్, తేనె, పుట్టగొడుగులు, ఒక్కొక్కటీ ఊరి పేరుతో సహా చెప్పుకుంటూ పోయింది. అవన్నీ తేవచ్చు. పంపించేశారు.

నేను లేదని చెప్పాను. బెల్టు దగ్గర సూట్‌కేసు దింపగానే వాసన పట్టే చిన్న కుక్క ఒకటి వచ్చి దాని పక్కన బుద్ధిగా కూర్చుంది. కుక్కని పట్టుకున్న ఆఫీసర్ ఈ బ్యాగ్ ఎవరిదని అడిగింది. నా హెచ్-వన్ వీసా ఎక్స్‌టెన్షన్ అప్పటికి పెండింగ్‌లో ఉంది. నా గురించి ఏ కంప్యూటర్‌లో ఏం రాస్తారో, దాంతో ఏం అవుతుందో అని హడలిపోయాను. అప్పటికే బయటికి వెళ్లిపోవాల్సిన అక్క వెనక్కి తిరిగి వచ్చింది.

"ఆ నిమ్మకాయలు నావి. నా బ్యాగ్‌లో చోటు లేక ఈ అమ్మాయి బ్యాగ్‌లో పెట్టాను. ఆమెకి తెలియదు" అంది ఇంగ్లీషులో, తడుముకోకుండా.

నాకు తెలిసి ఆవిడ ఆడిన అబద్ధం అదొక్కటే. పక్కకి తీసుకెళ్లి ఏవో రాసుకున్నారు. నిమ్మకాయలు చెత్తలోకి పోయాయి. ఎయిర్‌పోర్టులో క్యూ లేకుండా బయటికి పంపే కార్డు ఒకటి ఆవిడకి ఉండేది, అది రద్దయింది.

కారు ఎక్కాక అడిగాను. "ఎందుకట్ల చెప్పినవ్ అక్కా?"

"నేను సిటిజెన్‌ని. కార్డు పోతే క్యూలో నిలబడతా. నీకు వీసా పోతే ఎక్కడ నిలబడతావ్?" అంది. మళ్లీ తనే, "నాలుగు నిమ్మకాయల కోసం దొంగచూపులు చూశావ్. ఎవరు పండించారో అన్నా అడిగావా?"

"అడగలే."

"మరి దేనికి తెచ్చినట్టు?"

ఆ రోజే, ఆ కారులోనే, ఇంకొక మాట చెప్పింది. నేను అడగలేదు, తనే చెప్పింది. "మా నాన్న మగ్గం నేసేవాడు. చీర మీద షాపు పేరు ఉండేది కానీ నాన్న పేరు ఉండేది కాదు. ఒకసారి ఎవరిదో పెళ్లికి పోయాం. ఒకావిడ కట్టుకున్న చీర చూసి నాన్న గుర్తుపట్టాడు, తను నేసిందే. చెబుదామని దగ్గరికి పోయాడు. ఆవిడ నాన్నని పైనించి కిందికి చూసి, భోజనాలు అటువైపు అంది." చెప్పేసి రేడియో పెట్టింది. ఇల్లు వచ్చేదాకా ఇద్దరం ట్రాఫిక్ వార్తలు విన్నాం.

ఇంత జరిగాక నేను ఏం చేశానో వినండి.

మరుసటి ఏడాది అక్క ఒంటరిగా ఇటలీలోనే ఉంబ్రియా అనే ప్రాంతానికి వెళ్లింది. నాకు ఒక మట్టి గిన్నె తెచ్చింది. తెల్లటి మెరుపు, అంచు చుట్టూ పసుపు పూలు. "దాచకు అమ్మాయ్, వాడు" అంది. నేను బాగుంది అన్నాను. మేం ఇల్లు మారుతున్న రోజులవి. గిన్నెని దాని పెట్టెలోనే పెట్టి, క్లోజెట్‌లో పై అరలో పెట్టాను. ఆ అర గురించి ఇక్కడి తెలుగువాళ్లకి చెప్పక్కర్లేదు. పుట్టినరోజులకి, వ్రతాలకి, గృహప్రవేశాలకి వచ్చిన గిఫ్టులన్నీ అక్కడ చేరతాయి. ఇంకో పిలుపు రాగానే అందులోంచి ఒకటి కొత్త కాగితం చుట్టుకుని బయల్దేరుతుంది. రజిత వాళ్ల గృహప్రవేశం రోజు మా ఆయన చెప్పులేసుకుని గుమ్మంలో నిలబడ్డాడు. నేను చెయ్యి పైకెత్తి చేతికందిన పెట్టె తీశాను. తిరగేయలేదు.

ఆరు నెలలకి అక్కకి అరవై నిండాయి. వాళ్ల అమ్మాయి ఇంట్లోనే పార్టీ చేసింది. ఇక్కడ పుట్టిన పిల్ల, గిఫ్టులు అందరి ముందూ విప్పాలని పట్టుబట్టింది. "మమ్మీ, ఓపెన్ చేయ్, ఎవ్రీవన్ చూడాలి." రజిత ఇచ్చిన పెట్టె అక్క ఒళ్లోకి వచ్చింది. కాగితం చింపింది. పెట్టె చూడగానే నా చేతిలో కేక్ ప్లేటు బరువెక్కింది.

గిన్నె బయటికి తీసింది. తనకి తెలిసిన గిన్నే కదా, తిరగేయక్కర్లేదు. కానీ చెయ్యి అలవాటు పడిపోయింది. తిరగేసి, కళ్లజోడు పెట్టుకుని, పైకే చదివింది. "చేసింది, ఫ్రాంకా. ఊరు, డెరూటా. ఎవరికి..." తర్వాత నా పేరు చదివింది.

ఎవరో నవ్వారు. రజిత నా వైపు తిరిగి, "ఏందే, ఇది నాకు నువ్విచ్చిందే కదా" అంది, ఏమీ దాచుకోకుండా.

"నవ్వకండి" అంది అక్క. "ఈ ఫ్రాంకాకి చెయ్యి వణుకుద్ది. కుంచె పట్టుకుంటే గీత వణకదు. ఆ పూలేంటో చూశావా అమ్మాయ్?"

"పసుపు పూలు" అన్నాను.

"తంగేడు పూలు. బతుకమ్మకి ఇక్కడ తంగేడు దొరకదని మా ఇంట్లో కూర్చుని కళ్లనీళ్లు పెట్టుకున్నావ్. ఫోన్‌లో ఫోటో చూపించి వేయించా. ఆరబెట్టి, కాల్చి ఇవ్వడానికి వారం పడుద్దంటే, వారం ఆ ఊళ్లోనే ఉన్నా."

అప్పుడు తప్పైంది అక్కా అని ఉంటే సరిపోయేది. నాకూ పౌరుషం ఉంది, తక్కువేం కాదు. అంతమంది ముందు నిలబెట్టిందన్న ఉక్రోషం ముందుకొచ్చింది.

"అందరి ముంగట చదవాల్నా? పక్కకు పిలిచి అడగరాదా?"

"నువ్వు అందరి ముందే ఇచ్చేశావ్ కదా."

"అయితే నీ గిన్నె నువ్వే ఉంచుకో అక్కా."

"ఉంచుకుంటా. నీ పేరు కొట్టేస్తా" అంది. కేక్ ప్లేటు బల్ల మీద పెట్టి నేను వచ్చేశాను.

ఆ తర్వాత ఆరేళ్లు. ఆవిడ నన్ను పిలవడం మానలేదు, నేను వెళ్లడం మానలేదు. ఇద్దరిలో ఎవరు మానినా ఓడిపోయినట్టు అనుకున్నామేమో. ఇటలీ నుంచి వచ్చిన ప్రతిసారీ భోజనానికి పిలిచేది. ఒకసారి ఏదో కొండ మీది ఊరి నుంచి పప్పు తెచ్చింది, ఆవగింజ కన్నా కాస్త పెద్దవి, రంగురంగుల గింజలు. ఇంట్లో ఇరవై పౌండ్ల కందిపప్పు పెట్టుకుని ఇటలీ పోయి పప్పు మోసుకొచ్చావా అక్కా అని అందరూ నవ్వారు. "ఆ ఊరు భూకంపానికి కూలిపోయింది. ఇళ్లు లేకపోయినా విత్తనం వేశారు. నీ కందిపప్పు ఎవరు వేశారో చెప్పు, అదీ వండుతా" అంది. ఆ పప్పుకి టమాటా వేసి, ఎండుమిరపకాయలు, వెల్లుల్లి తాలింపు పెట్టింది. చాలా బాగుంది.

వడ్డించింది ఏ గిన్నెలో అనుకున్నారు? తంగేడు పూల గిన్నెలో. ఆ రోజనే కాదు, వాళ్లింట్లో రోజూ పప్పుకి అదే గిన్నె, ఎప్పుడు వెళ్లినా అందులోనే ఉండేది. సరిగ్గా నా ముందు పెట్టేది. "పప్పు వేసుకో అమ్మాయ్" అనేది. నేను వేసుకునేదాన్ని. దాని కింద నా పేరు ఉందో, కొట్టేసిందో చూడాలని మనసు లాగేసేది. నిండా పప్పు ఉన్న గిన్నెని ఎలా తిరగేస్తాం? భోజనం అయ్యాక ఒక్కొక్కరికీ వాళ్లవాళ్ల వస్తువులు ఇచ్చేది. నా వంతు వచ్చేసరికి, "నీకు భోజనం. అంతే" అనేది. "కడుపు నిండింది అక్కా, చాలు" అనేదాన్ని. కావాలని గిన్నె నా ముందే పెట్టి ఏడిపిస్తోందని నా నమ్మకం. ఇంటికొచ్చి మా ఆయనతో అదే చెప్పి తిట్టుకునేదాన్ని.

ఆఖరి రోజుల్లో ఆసుపత్రిలో ఒక్కసారే చూశాను. పడుకుని ఉంది, కళ్లజోడు షూ లేసుతో మెడలోనే ఉంది. ట్రే మీద పుడ్డింగ్ పెట్టిన ప్లాస్టిక్ కప్పు తీసి, బలం లేని చేత్తోనే తిరగేసి చూసి, ఊఁ అంది. ఇద్దరం నవ్వాం. గదిలో మేమిద్దరమే ఉన్నాం. నర్సు రాలేదు, ఫోన్ మోగలేదు, తప్పైందని చెప్పడానికి ఏ అడ్డూ లేదు. పావుగంట కూర్చుని, వాతావరణం గురించి మాట్లాడి లేచి వచ్చేశాను.

ఇక ఆ శనివారం సంగతి. గుమ్మంలో వాళ్ల అమ్మాయి ఉంది. నన్ను చూసి కొంచెం సిగ్గుపడింది. "ఆంటీ, నా అపార్ట్‌మెంట్‌లో ప్లేస్ లేదు. లేస్ ఉంచుకున్నా. మమ్మీ చెప్పింది, యూజ్ చేసేవాళ్లకి సేల్ చెయ్, మనవాళ్లకి ఊరికే ఇస్తే క్లోజెట్‌లో పెడతారు అని." ఎస్టేట్ సేల్ ఆవిడ ఆలోచనే అన్నమాట. పోయాక కూడా మావాళ్ల క్లోజెట్లకి దొరక్కూడదనుకుంది.

లోపల ఎవరెవరో తిరుగుతున్నారు. వస్తువులన్నిటికీ కింద ధరల స్టిక్కర్లు వేశారు, చాలావాటికి ఆవిడ కాగితాల మీదే. నేను నేరుగా వంటగదిలోకి వెళ్లాను. గిన్నె అక్కడే ఉంది. కానీ వేరే మనిషి చేతిలో ఉంది. నెరిసిన జుట్టు, గడ్డి టోపీ పెట్టుకున్న ఒక అమెరికన్ ముసలావిడ దాన్ని రెండు చేతులా పట్టుకుని వెలుగులో చూస్తోంది. ఇలాంటి చోట ఎవరి చేతిలో ఉంటే వస్తువు వాళ్లదే.

"ఆ గిన్నె నాది" అన్నాను.

ఆవిడ మర్యాదగానే అడిగింది, ఎలా అని.

"దాని కింద నా పేరు ఉంది" అన్నాను. కొట్టేస్తా అన్న మనిషి అన్న మాట చేయకుండా ఉండటం నేనెప్పుడూ చూడలేదు. అయినా మాట వెనక్కి తీసుకోలేదు. "తిరగేసి చూడండి" అన్నాను.

ముసలావిడ తిరగేసింది. గోటితో స్టిక్కర్ ఒలిచింది. తెలుగు అక్షరాలు చూసి, "ఇది నేను చదవలేను. ఏం రాసుందో నువ్వే చెప్పు" అంది. గిన్నె వదలకుండానే నా వైపు వంచింది. నేను ఏం చెప్పినా నమ్మడం తప్ప ఆవిడకి వేరే దారి లేదు. అబద్ధం చెప్పాల్సిన పని పడలేదు.

చేసింది ఫ్రాంకా. ఊరు డెరూటా. ఎవరికి అన్నచోట నా పేరు. కొట్టివేత లేదు. కింద నాలుగో వరుస ఒకటి కొత్తగా ఉంది. "ప్రస్తుతానికి నా దగ్గర ఉంది. అడిగితే ఇచ్చేయాలి."

మొదటి మూడూ ఇంగ్లీషులో చెప్పాను. నాలుగోది తెలుగులోనే చదివాను. ముసలావిడ గిన్నె నా చేతుల్లో పెట్టింది. గుమ్మం దగ్గర సేల్ నడిపించే మనిషి బిల్లు కట్టమంది. నా గిన్నెకి నేను డబ్బులు కట్టను అన్నాను. వెనక నలుగురు లైనులో ఉన్నారు, ఉండనీ. ఆవిడ రెండోసారి అడిగింది, నేను రెండోసారి అదే చెప్పాను. అక్క కూతురు దూరం నుంచి చూసి, నవ్వి, వెళ్లమని చెయ్యి ఊపింది.

కారులో కూర్చుని మళ్లీ తిరగేశాను. కాగితం తెల్లగా ఉంది. సిరా చెదరలేదు. టేపు అంచులు కూడా లేవలేదు. రోజూ పప్పు వడ్డించి, రోజూ కడిగే గిన్నె కింద కాగితం రెండు నెలలు కూడా ఆగదు, ఎంత టేపు వేసినా. ఆరేళ్లలో ఆవిడ ఆ కాగితం ఎన్నిసార్లు మార్చి ఉంటుందో. మార్చిన ప్రతిసారీ కళ్లజోడు పెట్టుకుని, పెన్ను తీసుకుని, కొట్టేస్తా అన్న చేత్తోనే నా పేరు కొత్తగా రాసింది. రాసి, పప్పు పోసి, తెచ్చి నా ముందు పెట్టింది. అడుగుతానేమో అని.

ఒక్కసారి కూడా అడగలేదు నేను.